చెన్నైలో తెలుగు పంచాంగం: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో చాలా తెలుగు ఇళ్లలో గోడకు తమిళ దినసరి క్యాలెండర్, దేవుడి గూట్లో తెలుగు పంచాంగం ఉంటాయి. రెండూ ఒకే రోజుకు రెండు రకాలుగా చెప్పినప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. పెళ్లి ముహూర్తాల దగ్గర, తద్దినాల దగ్గర, మైలాపూర్ మాడ వీధుల్లో కొత్త పంచాంగం కొనేటప్పుడు ఎక్కువగా వినిపించేవి కొన్ని ఇక్కడ.

జ్యోతిషంలో పంచాంగం చేసే పని ఏమిటి?

పంచాంగం ఆకాశం లెక్క చెబుతుంది. ఆ లెక్కను పట్టుకుని ఫలితం చెప్పేది జ్యోతిషం. ఈ రెంటినీ కలగలిపేయడం వల్లనే సగం తగవులు వస్తున్నాయి.

తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాల్లో వారం సూర్యోదయంతో మారుతుంది. మిగిలిన నాలుగూ సూర్యచంద్రుల స్థానాల నుంచి పుట్టినవే. చంద్రుడు సూర్యుడి కంటే 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి పూర్తవుతుంది, అందులో సగం కరణం. రాశిచక్రాన్ని 27 భాగాలు చేస్తే ఒక్కొక్కటి 13 డిగ్రీల 20 కళలు (డిగ్రీకి 60 కళలు). చంద్రుడు అప్పుడు ఏ భాగంలో ఉంటే అది ఆనాటి నక్షత్రం. ఇద్దరి స్థానాలనూ కూడి, వచ్చినదాన్ని అదే కొలతతో భాగిస్తే యోగం. ఇంతవరకూ నమ్మకంతో పని లేదు, గణితం వస్తే చాలు. ఫలానా తిథి నాడు ప్రయాణం కూడదు అన్న చోట శాస్త్రవిధి, ఆచారం, నమ్మకం వచ్చి చేరతాయి. గణితమే తప్పితే ఎంత గొప్ప సిద్ధాంతి చెప్పిన ఫలితమైనా నిలబడదు.

పంచాంగంలో ఒక వరుసను ఎలా చదవాలి? అన్నీ పొడి అక్షరాలే కదా.

చైత్రమాసం పేజీలో ఒక వరుస ఇలా ఉందనుకుందాం: "శుక్ర, శు. దశమి ప 2.40, పుష్యమి సా 5.42, సుకర్మ రా 8.23, గరజి ప 2.40."

ఇందులో ఉన్న వేళలన్నీ ముగిసే వేళలు. చాలామంది పొరబడేది ఇక్కడే: దశమి మధ్యాహ్నం 2.40కి మొదలవుతుందని అనుకుంటారు. కాదు, అప్పటికి దశమి వెళ్లిపోయి ఏకాదశి వస్తుంది. అందుకే ఆ సాయంత్రం నాలుగు గంటలకు సంకల్పం చెప్పుకునేవారు ఏకాదశి అనే చెప్పాలి. దశమి, గరజి రెండూ ఒకే నిమిషానికి ముగిశాయంటే అచ్చుతప్పు కాదు. కరణం అర తిథి కనుక తిథి రెండో సగంతో పాటే అదీ ముగుస్తుంది.

"ప" అంటే పగలు, "సా" సాయంత్రం, "రా" రాత్రి, "తె" తెల్లవారుజాము. శుక్రవారం వరుసలో "తె 3.15" అని ఉంటే అది ఇంగ్లిషు లెక్కలో శనివారం వేకువ. మనకు సూర్యోదయం దాకా శుక్రవారమే.

తాతల నాటి పంచాంగాల్లో గంటలకు బదులు ఘడియలు, విఘడియలు ఉంటాయి. ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు. పై దశమికే "21-30" అని రాసి ఉంటే సూర్యోదయం నుంచి 21 ఘడియల 30 విఘడియలు, అంటే 8 గంటల 36 నిమిషాలు. ఆ రోజు సూర్యోదయం 6.04 అయితే సరిగ్గా 2.40 అవుతుంది.

ఒక తిథి ఇరవై గంటల్లోనే ముగుస్తుంది, మరొకటి ఇరవై ఆరు గంటలు సాగుతుంది. ఎందుకు?

చంద్రుడి నడక ఒకే వేగంతో ఉండదు. భూమికి దగ్గరైనప్పుడు చురుగ్గా, దూరమైనప్పుడు మందంగా కదులుతాడు. తిథి సగటు నిడివి 23 గంటల 37 నిమిషాలే అయినా, ఒక్కో తిథి దాదాపు 20 గంటల నుంచి 26 గంటల 47 నిమిషాల దాకా మారుతుంటుంది. ఒక తిథి రెండు సూర్యోదయాలను తాకితే అది వృద్ధి, ఒక్కదాన్నీ తాకకపోతే క్షయం.

2026 ఉగాది మంచి ఉదాహరణ. మార్చి 19 గురువారం సూర్యోదయానికి ఇంకా అమావాస్యే ఉంది. పాడ్యమి ఆ తర్వాత వచ్చి, మర్నాడు సూర్యుడు ఉదయించకముందే వెళ్లిపోయింది. అమావాస్య నాడు ఉగాది ఏమిటని అడిగినవారికి సమాధానం ఇదే: పాడ్యమి ఆ పగలే ఉంది, మరో రోజున లేదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో అచ్చయిన పంచాంగం చెన్నైలో పనికొస్తుందా?

సగం పనికొస్తుంది. తిథి, నక్షత్రం, యోగం, కరణం ముగిసే క్షణం దేశమంతటికీ ఒకటే. విశాఖలో ఏకాదశి 2.40కి వస్తే చెన్నైలోనూ 2.40కే వస్తుంది. మారేవి సూర్యోదయ సూర్యాస్తమయాలు, వాటి మీద ఆధారపడిన దుర్ముహూర్తం, రాహుకాలం, లగ్నం. రేఖాంశం వల్లనే చెన్నైలో సూర్యుడు బెంగళూరు కంటే సుమారు 11 నిమిషాలు, హైదరాబాదు కంటే 7 నిమిషాలు ముందుంటాడు. అక్షాంశం వల్ల ఋతువును బట్టి మరికొంత తేడా వస్తుంది. పూజకు, వ్రతానికి ఈ తేడా లెక్కలోకి రాదు. ముహూర్త లగ్నానికి, జాతకానికి మాత్రం చెన్నై సూర్యోదయంతో లెక్క కట్టవలసిందే.

సంకల్పంలో ఊరి ప్రస్తావన కూడా మార్చుకోవాలి. చెన్నైలో కూర్చుని "కృష్ణాగోదావర్యోర్మధ్యదేశే" అనేవారు ఇంకా ఉన్నారు. ఈ నగరం శ్రీశైలానికి ఆగ్నేయంలో, కృష్ణా కావేరుల నడుమ ఉంది.

వాక్య పంచాంగం, దృక్ పంచాంగం అంటారు. వీటిలో ఏది సరైనది?

అన్నిటికంటే ఎక్కువ వేడి పుట్టించే ప్రశ్న ఇదే. కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

వాక్య పద్ధతిలో చంద్రుడి స్థానాలను అక్షరసంఖ్యలతో కూర్చిన చిన్న చిన్న వాక్యాలుగా మార్చి కంఠస్థం చేస్తారు. వరరుచి పేరుతో ప్రసిద్ధమైన చంద్రవాక్యాలు 248. అవి నోటికి వస్తే పుస్తకం అక్కరలేదు. 1825లో జాన్ వారెన్ అనే సైనికాధికారి పుదుచ్చేరిలో ఒక తమిళ పంచాంగకర్తను చంద్రగ్రహణం లెక్క కట్టమన్నాడు. ఆయన నేల మీద గవ్వలు పేర్చి, జ్ఞాపకంలోని పదాలతోనే గణితం పూర్తి చేశాడు. గ్రహణం మొదలయ్యే వేళలో 4 నిమిషాలు, మధ్యకాలంలో 23, విడుపులో 52 నిమిషాలు మాత్రమే తేడా వచ్చింది. దూరదర్శిని లేకుండా, కాగితం ముట్టకుండా అంత దగ్గరగా రావడం సామాన్యం కాదు.

అయితే శతాబ్దాల నాటి సూత్రాలు కనుక చిన్న తేడాలు పోగుపడ్డాయి. ఆ సంగతిని బాహాటంగా చెప్పి సరిదిద్దినవారిలో మద్రాసు వారే ముందున్నారు. నుంగంబాక్కంలోని మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఒక చంచల నక్షత్రాన్ని (వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాన్ని) కనిపెట్టారు. కంటికి కనిపించే ఆకాశంతో సరిపోయేలా దృగ్గణిత పంచాంగం, అంటే దృక్ పంచాంగం కూడా వెలువరించారు. ఆ నక్షత్రశాల నాటి 1792 గ్రానైట్ స్తంభం మీద తమిళంతో పాటు తెలుగులోనూ చెక్కిన రాత ఉంది. చెన్నై తెలుగువారు ఒకసారి గుర్తు చేసుకోదగ్గ సంగతి.

రెండు పద్ధతుల తేడా ఒక పాత మాటలో స్పష్టంగా కనిపిస్తుంది. పూర్వ పద్ధతివారు "బాణవృద్ధి రసక్షయం" అంటారు: తిథి 60 ఘడియలకు మించి 5 ఘడియల దాకా పెరగవచ్చు, 6 ఘడియల దాకా తగ్గవచ్చు. దృక్ పద్ధతిలో పెరుగుదల 7 ఘడియలకు, తరుగుదల 10 ఘడియలకు పోతుంది. అందుకే ఒకే తిథి ముగింపులో కొన్ని గంటల తేడా వస్తుంటుంది.

నా అభిప్రాయం అడిగితే, ఆకాశంలో చంద్రుడు ఎక్కడున్నాడన్న ప్రశ్నకు దృక్ పంచాంగమే సమాధానం. పూర్వ పద్ధతి పంచాంగకర్తలు కూడా చాలామంది గ్రహణాల వేళలను దృక్ లెక్కతోనే ఇస్తారు, ఎందుకంటే గ్రహణం తప్పితే వీధిలో అందరికీ కనిపిస్తుంది. ఏకాదశి తప్పితే ఎవరికీ కనిపించదు. కానీ ఆలయ ఉత్సవాలు, మఠ సంప్రదాయాలు పరంపరను పాటిస్తాయి. ఆ చోట వాదన అనవసరం.

శని మీనంలోకి 2025లో వచ్చాడన్నారు. తిరునల్లారులో మాత్రం 2026 అన్నారు. మాది మేషరాశి. ఏలినాటి శని మొదలైనట్టా, కానట్టా?

దృక్ లెక్కలో శని మీనప్రవేశం 2025 మార్చి 29; ఆ లెక్కలో మీకు ఏలినాటి శని అప్పుడే మొదలైంది. తమిళులు ఈ పద్ధతిని తిరుక్కణితం అంటారు. తిరునల్లారు శనీశ్వరాలయం వాక్య పంచాంగం ప్రకారం నడుస్తుంది కనుక అక్కడ శని మార్పు 2026లోకి వెళ్లింది. చంద్రుడి విషయంలో గంటల్లో ఉండే తేడా, మందంగా నడిచే శని దగ్గరికి వచ్చేసరికి నెలలవుతుంది. మీ జాతకం దృక్ లెక్కతో వేయించి ఉంటే గోచారమూ (ఇప్పటి గ్రహసంచారమూ) దృక్ లెక్కతోనే చూడండి. జాతకం ఒక పద్ధతిలో, గోచారం మరో పద్ధతిలో చూసి భయపడేవారు రెండుసార్లు శాంతి చేయించుకుంటారు.

ఇంట్లో ఏ పంచాంగం ఉంచుకోవాలి?

మీ పురోహితుడు వాడేది. తిరుమల తిరుపతి దేవస్థానం ఏటా వేసేది టీ నగర్‌లోని వారి ఆలయం దగ్గర దొరుకుతుంది. ఏదైనా ఒకటి పట్టుకోండి. నచ్చిన తేదీ వచ్చేదాకా పంచాంగాలు మార్చడం ముహూర్తం చూడటం కాదు.

చెన్నైలో అందరూ రాహుకాలం చూస్తారు. మా అమ్మమ్మ వర్జ్యం, దుర్ముహూర్తం అంటుంది. ఏది పాటించాలి?

రాహుకాలం పట్టింపు తమిళదేశంలో చాలా బలంగా ఉంది. పగటిని ఎనిమిది భాగాలు చేసి వారానికొక భాగం కేటాయిస్తారు: సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు, ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు, ఇలా. ఈ అంకెలు సూర్యోదయం ఆరింటికి, అస్తమయం ఆరింటికి అనుకుని వేసినవి. జూన్‌లోనూ డిసెంబరులోనూ అసలు వేళలు కొంత జరుగుతాయి. గోడ క్యాలెండర్ ఆ సంగతి పట్టించుకోదు.

వర్జ్యం పద్ధతి వేరు. అది నక్షత్రాన్ని బట్టి వస్తుంది కనుక ఏ రోజు ఎప్పుడు పడుతుందో పంచాంగం చూస్తే తప్ప తెలియదు. పుష్యమికి 20 ఘడియలు గడిచాక 4 ఘడియల పాటు, ఆశ్లేషకు 32 ఘడియలు గడిచాక 4 ఘడియల పాటు. నక్షత్రం నిడివి పెరిగినా తగ్గినా అదే నిష్పత్తిలో ఇదీ సర్దుకుంటుంది. దుర్ముహూర్తం పగటిని 15 ముహూర్తాలుగా విభజించి వారాన్ని బట్టి చెప్పేది. ఇందులో ఒక తమాషా ఉంది. మిట్టమధ్యాహ్నపు అభిజిత్తు అన్ని దోషాలనూ పోగొడుతుందంటారు, బుధవారం మాత్రం సరిగ్గా ఆ 11.36 నుంచి 12.24 దాకానే దుర్ముహూర్తం.

తెలుగు సంప్రదాయంలో వర్జ్యం, దుర్ముహూర్తాలకే ప్రాధాన్యం. పక్కింటివారి మనసు కోసం రాహుకాలం కూడా వదిలేస్తే నష్టం లేదు. అయితే రాహుకాలం, యమగండం, గుళిక, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ తీసేసి చూడండి; కొన్ని రోజుల్లో ఆఫీసుకు బయల్దేరడానికి కూడా సందు దొరకదు. నిత్యకృత్యాలకు ఇవేవీ చూడనవసరం లేదు.

మేము తెలుగువాళ్లం, కాబోయే కోడలు తమిళ అమ్మాయి. ఆడి, ఆషాఢం రెండూ పాటిస్తే పెళ్లి ఎప్పుడు చేయాలి?

చెన్నైకి ప్రత్యేకమైన చిక్కు ఇది. మనది చాంద్రమానం, నెల అమావాస్యతో ముగుస్తుంది. తమిళులది సౌరమానం, సూర్యుడు రాశి మారినప్పుడు నెల మారుతుంది. 2025లో ఆషాఢం జూన్ 26న మొదలై జూలై 24తో ముగిసింది. ఆడి జూలై 17న మొదలై ఆగస్టు 16 దాకా ఉంది. రెండువైపులా పట్టుబడితే జూన్ చివరి నుంచి ఆగస్టు సగం దాకా ఖాళీ. మనకు పెళ్లిళ్లకు శ్రేష్ఠమైన శ్రావణంలో మూడు వారాలు అందులోనే కొట్టుకుపోయాయి. చలికాలంలోనూ ఇంతే: వారికి మార్గళి పనికిరాదు, తై మొదలుకాగానే పెళ్లిళ్లు పెట్టుకుంటారు. మనకేమో ఆ వేళకు పుష్యం శూన్యమాసం.

ఉభయులూ కూర్చుని ఒక మాట అనుకోవడమే మార్గం. వధువు ఇంట పెళ్లి అయితే వారి మాసనియమానికి, లగ్నం విషయంలో వరుడి వైపు సిద్ధాంతికి విలువ ఇచ్చి సర్దుకునే కుటుంబాలు ఉన్నాయి. ఇరువైపులా తెలుగువారే అయితే శ్రావణంలో పెళ్లి హాయి. ఆడి కనుక మండపాలు ఖాళీగా ఉంటాయి, టీ నగర్ బట్టల కొట్లలో ఆడి తళ్లుపడి (తగ్గింపు ధరల అమ్మకం) నడుస్తుంటుంది. తమిళుల శూన్యమాసం మన పెళ్లివారికి కలిసొస్తుంది.

మూఢం అంటే ఏమిటి? తమిళ బంధువులు ఆ మాటే ఎత్తరు.

గురుడుగానీ శుక్రుడుగానీ సూర్యుడికి మరీ దగ్గరై, ఆ వెలుగులో కనిపించకుండా పోయే కాలం. గురుడికి 11 డిగ్రీలు, శుక్రుడికి 10 డిగ్రీలు, శుక్రుడు వక్రించి ఉంటే 8 డిగ్రీలు హద్దు. గురు మూఢం సుమారు ఒక నెల ఉంటుంది. శుక్ర మూఢం ఒకసారి కొద్ది రోజుల్లో తేలిపోతుంది, మరోసారి రెండు నెలలకు పైగా సాగుతుంది. తెలుగువారు అప్పుడు పెళ్లి, గృహప్రవేశం, ఉపనయనం పెట్టుకోరు. తమిళుల్లో ఈ పట్టింపు మనంత బలంగా కనిపించదు.

మంచి నక్షత్రమే అయినా మా అబ్బాయికి పనికిరాదన్నారు. ఎందుకు?

పంచాంగంలో రాసి ఉన్న మంచి అందరికీ ఉమ్మడి. అది మీకు మంచిదా కాదా అన్నది తారాబలం చెబుతుంది. జన్మనక్షత్రం నుంచి ఆనాటి నక్షత్రం దాకా లెక్కపెట్టి తొమ్మిదితో భాగించాలి. మిగిలేది 3 అయితే విపత్తార, 5 ప్రత్యక్తార, 7 నైధనతార; ఇవి వదలాలి. మీ అబ్బాయిది రోహిణి అనుకోండి. రోహిణి, మృగశిర, ఆర్ద్ర, పునర్వసు, పుష్యమి: అయిదోది, ప్రత్యక్తార. ఎన్నో పనులకు మెచ్చుకునే పుష్యమి ఆ అబ్బాయికి కుదరదు. అసలు పెళ్లికి పుష్యమి ఎవరికీ పెట్టరు, అది వేరే సంగతి.

దీని పైన చంద్రబలం (జన్మరాశి నుంచి ఆనాటి చంద్రుడి రాశి లెక్క), ఆ పైన పంచకరహితం. తిథి, వారం, నక్షత్రం, లగ్నం సంఖ్యలను కూడి తొమ్మిదితో భాగిస్తే 1 మిగిలితే మృత్యుపంచకం, 2 అగ్ని, 4 రాజ, 6 చోర, 8 రోగ పంచకాలు. 3, 5, 7, సున్నా మిగిలితే శుభం. శుభలేఖల్లో ముహూర్తం 9.47 అనే వంకర అంకెతో రావడానికి కారణం ఇలాంటి వడపోతలే.

పిల్ల జాతకం వేయించాలి. పంచాంగం ఎంతవరకు అవసరం?

మొదటి అడుగు నుంచీ. పుట్టిన వేళకు నక్షత్రం ఎంత గడిచింది, ఎంత మిగిలింది అన్నదాన్ని బట్టి దశాశేషం వస్తుంది. రోహిణి సరిగ్గా సగంలో పుడితే పదేళ్ల చంద్రదశలో అయిదేళ్లు మిగులుతాయి. రెండు పంచాంగాల్లో నక్షత్రాంతం రెండు గంటలు తేడాగా ఉంటే, ఇరవై ఏళ్ల శుక్రదశలో పుట్టిన పిల్లకు దాదాపు ఏడాది ఎనిమిది నెలలు అటూ ఇటూ అవుతుంది. అందుకే జాతకం కాగితం మీద ఏ గణితంతో వేశారో, ఏ అయనాంశ (వసంత విషువత్తు బిందువుకూ మన రాశిచక్రం మొదలుకూ మధ్య దూరం) తీసుకున్నారో తప్పకుండా రాయించుకోండి. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ఖాయం చేసిన చిత్రాపక్ష అయనాంశే నేడు ఎక్కువగా వాడుకలో ఉంది. అది ఇప్పుడు 24 డిగ్రీలు దాటింది.

పుట్టిన ఊరు కూడా ముఖ్యమే. లగ్నం సుమారు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతుంది. చెన్నై ఆసుపత్రిలో పుట్టిన పిల్లకు సొంత ఊరు కదా అని విశాఖ లెక్క వేస్తే లగ్నం మూడు డిగ్రీలు జరుగుతుంది, నవాంశ (రాశిలో తొమ్మిదో వంతు) మారిపోవచ్చు. ఇంకొకటి: మంగళవారం వేకువ మూడింటికి పుడితే ఆసుపత్రి కాగితంలో మంగళవారం, జాతకంలో సోమవారం.

నాన్నగారి తద్దినం తేదీ ఇక్కడి పురోహితుణ్ణి అడిగితే ఒకటి చెప్పారు, ఊళ్లో బాబాయి మరొకటి చెప్పారు.

బహుశా ఇక్కడివారు సౌరమాసం పట్టుకుని చెప్పి ఉంటారు. తమిళ సంప్రదాయంలో ఆబ్దికానికి సౌరమాసంలో వచ్చే తిథి తీసుకుంటారు. మనది చాంద్రమాసం. తిథి ఒకటే అయినా నెల మారిపోయి తేదీ నెలరోజుల దూరం పోతుంది. పురోహితుడికి "శ్రావణ బహుళ సప్తమి, చాంద్రమానం" అని పూర్తిగా చెప్పండి. తిథి అపరాహ్ణంలో (మధ్యాహ్నం దాటిన వేళ) ఉండాలి, సూర్యోదయానికి ఉంటే చాలదు. అధికమాసం వస్తే మామూలుగా నిజమాసంలోనే పెడతారు. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం కనుక జ్యేష్ఠంలో తద్దినం ఉన్నవారు ముందుగానే అడిగి పెట్టుకోవాలి.

ఒకే పండుగ రెండు రోజులు ఎందుకు వస్తుంది?

ఒక్కో పండుగకు తిథి ఉండవలసిన వేళ ఒకటి ఉంటుంది. వినాయక చవితికి, శ్రీరామనవమికి మధ్యాహ్నం, దీపావళికి ప్రదోషం, శివరాత్రికి అర్ధరాత్రి. తిథి రెండు రోజుల్లో పరచుకుంటే ఆ వేళ ఎటు ఉందో చూసి నిర్ణయిస్తారు. నిర్ణయసింధు, ధర్మసింధు ఇలాంటి చర్చలకే పుట్టిన గ్రంథాలు. స్మార్తులకు, వైష్ణవులకు ఏకాదశి, కృష్ణాష్టమి వేరువేరుగా రావడం తప్పేమీ కాదు.

షావుకారుపేటలో ఉత్తరాదివారు రాఖీ కట్టడానికి గంటల తరబడి ఎందుకు ఆగుతారో కూడా పంచాంగంలోనే ఉంది. ప్రతి పౌర్ణమి మొదటి సగం విష్టి కరణం. దాన్నే భద్ర అంటారు. అది పోయాకే రాఖీ.

ఉగాది నాడు చెప్పే రాజు, మంత్రి, ఆదాయ వ్యయాలు నమ్మవచ్చా?

చైత్ర శుద్ధ పాడ్యమి ఏ వారమైతే ఆ వారాధిపతి ఆ ఏటి రాజు, మేష సంక్రాంతి వారాధిపతి మంత్రి. 2025లో ఉగాది ఆదివారం కనుక రాజు సూర్యుడు. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు కూడా సూత్రం ప్రకారం రాశికి ఒక అంకె చొప్పున వచ్చేవే. మీ రాశివారందరికీ అదే ఆదాయం, అదే వ్యయం. పంచాంగ శ్రవణం వినడానికి బాగుంటుంది, పచ్చడి తిన్నాక కూర్చుని నవ్వుకోవడానికి ఇంకా బాగుంటుంది. ఇల్లు కొనే నిర్ణయం దాని మీద పెట్టుకోకండి.

ఫోనులో పంచాంగం చూస్తే చాలదా?

చాలు, మూడు సంగతులు సరిచూసుకుంటే. ఊరు చెన్నై అని ఉండాలి. నెల అమావాస్యతో ముగిసే పద్ధతి ఎంచుకోవాలి. ఉత్తరాది పద్ధతిలో పౌర్ణమితో నెల ముగుస్తుంది కనుక కృష్ణపక్షమంతా వేరే నెల పేరు చూపిస్తుంది. అయనాంశ చిత్రాపక్షమో కాదో చూడాలి.

అమెరికాలో ఉన్న అమ్మాయి ఇక్కడి పంచాంగం చూసి వ్రతం చేసుకోవచ్చా?

తేదీని యథాతథంగా తీసుకోకూడదు. చెన్నైలో తిథి ముగిసే క్షణాన్ని అక్కడి గడియారంలోకి మార్చి, ఆ ఊరి సూర్యోదయంతో పోల్చాలి. చాలాసార్లు వ్రతం మనకంటే ఒక రోజు ముందు తేదీకి వస్తుంది. అక్కడి ఆలయాలు తమ ఊరికి లెక్క కట్టిన పంచాంగాలు వేస్తుంటాయి, అవి తెప్పించుకోమనండి.